సీసాలో పళ్లు

ఆదివారం పొద్దున మేడ మీద గది ఊడవడానికి వెళ్లిన ఓడీల్‌కి కిటికీ గట్టు మీద, మడత పెట్టిన తువ్వాలు కింద ఒక గాజు గ్లాసు దొరికింది. గ్లాసులో నీళ్లు, నీళ్లలో పళ్లు. పైవరసా కిందివరసా, మొత్తం సెట్టు. గులాబీరంగు చిగుళ్లతో సహా ఆమెను చూసి నవ్వుతున్నట్టున్నాయి.

ఓడీల్ చీపురు గోడకి ఆనించి మంచం మీద కూలబడింది. రాత్రి ఆ ఇంట్లో పడుకున్న అతిథులు నలుగురే. ఇద్దరు హాలండు కుర్రాళ్లు. వాళ్ల పళ్లు వాళ్ల నోట్లో భేషుగ్గా ఉన్నాయి, పొద్దున రొట్టె మొత్తం ఊడ్చిపెట్టింది వాళ్లే. మిగిలినవాళ్లు ఆంజే నుంచి వచ్చిన ఫెర్నాన్ గారు, ఆయన భార్య మిరేయ్. మిరేయ్ పళ్లు ఎలా ఉంటాయో ఓడీల్ చూడనేలేదు, ఎందుకంటే ఆవిడకి నోరు తెరిచే అవకాశం రాలేదు. భోజనాల దగ్గర ఆవిడ అన్న మాట ఒక్కటే, కాస్త ఉప్పు ఇటివ్వండి అని. మిగతా మాటలన్నీ ఫెర్నాన్ గారివే. ఆయన రైల్వేలో ముప్ఫై నాలుగేళ్లు సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. అక్కడ ఒంటరిగా కూర్చుని పోగేసుకున్న మాటలన్నీ ఇప్పుడు ఖర్చు పెడుతున్నాడో ఏమో, ఎనభై మూడో సంవత్సరంలో ఒక లీవరు బిగుసుకుపోయిన వైనం మొదలెడితే సూపు చల్లారిపోయింది, జున్ను పళ్లెం ఖాళీ అయింది, హాలండు కుర్రాళ్లు కూర్చున్నచోటే కునుకు తీశారు.

అలాంటి మనిషి ఈ పొద్దున ఒక్క మాట మాట్లాడలేదు. రొట్టె ముట్టలేదు. కాఫీ మాత్రం తాగి, తల ఊపి, కర్ర తీసుకుని బయటికి నడిచాడు. మంచం నచ్చక అలిగాడేమో అనుకుంది ఓడీల్. ఇప్పుడు అర్థమైంది. అంత మాటకారి నోరు కట్టేసుకుని రోజంతా ఎలా నడుస్తాడని ఆమె మనసు కరిగిపోయింది.

ఫ్రాన్స్ నుంచి స్పెయిన్ దాకా కాలినడకన శాన్ జాక్ దారిన పోయే యాత్రికులకు నస్బినాల్ ఊరి చివర ఓడీల్ ఇరవై రెండేళ్లుగా బస నడుపుతోంది. ఎవరేం మరిచిపోయినా, అది మేజోడు కానీ ఫోను తీగ కానీ, సాయంత్రంలోగా కారులో తరవాతి ఊరికి చేర్చడం ఆమె పద్ధతి. ఒకసారి ఒక సన్యాసి మరిచిపోయిన అలారం గడియారాన్ని కూడా, అది దారిపొడుగునా మోగుతుంటే, అలాగే పట్టుకెళ్లి ఇచ్చింది. కానీ ఈ ఆదివారం కారు కదిలే దారి లేదు. మే నెల చివర, మందలు కొండమీది గడ్డికి ఎక్కే రోజు. ఆమె భర్త ఎమీల్ చీకటితోనే నలభై ఆవుల కొమ్ములకు కాగితం పూలు కట్టి తోలుకెళ్లాడు. పోలీసులు కూడలి దగ్గర అడ్డుకర్రలు వేశారు, సాయంత్రం ఆరు దాకా చక్రమున్నదేదీ కదలకూడదు. యాత్రికుల పెద్ద సంచులు మోసే వ్యాను ఆ అడ్డుకర్రలు పడకముందే వెళ్లిపోయింది. మిరేయ్ ఫోనుకి చేస్తే స్విచ్చాఫ్.

ఇక మిగిలింది రెజీన్. ఎమీల్ చెల్లెలు, కొండమీది ఓబ్రాక్ దాటి దిగితే వచ్చే శాంషెలీలో ఆవిడదీ ఒక బస. ఫెర్నాన్ దంపతులు ఈ రాత్రికి దిగేది అక్కడే. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని ఎంతో ముద్దుగా పిలుచుకుంటారు, ఆ ముద్దుకి వినేవాళ్లు భయపడతారు. ఫోనులో విషయం వినగానే రెజీన్ ముందు తనివితీరా నవ్వింది. రేపటి వ్యానులో పంపించమంది. అలా పంపితే పళ్లు రోజూ ఒక ఊరు వెనకబడి, స్పెయిన్ దాకా తరిమినా మనిషిని అందుకోవు కదా అంది ఓడీల్.

"అయితే నడిచి తెచ్చివ్వు వదినా," అంది రెజీన్. "అందరికీ చెబుతావుగా, ఓబ్రాక్ దాకా రెండు గంటలు, ఆపైన అంతా దిగుడే, కాళ్లు వాటంతటవే నడుస్తాయని."

ఓడీల్ ఫోను పెట్టేసింది. ఒళ్లు మండిపోయింది. నిజమే, ఇరవై రెండేళ్లుగా ప్రతి పొద్దునా గడపలో నిలబడి ఆ మాటే చెబుతోంది. చెప్పడమే కానీ ఆ దారిన తను ఎన్నడూ నడిచింది లేదు. కారులో వెళ్లినప్పుడు దగ్గరగానే అనిపించేది, దిగుడులో కారు నిజంగా దానంతటదే వెళ్లేది. అందులో అబద్ధమేముంది?

గ్లాసు పట్టుకుని నడవలేదు కాబట్టి, నిన్ననే ఖాళీ అయిన జామ్ సీసా కడిగి, నీళ్లతో సహా పళ్లు అందులోకి మార్చి, మూత బిగించింది. సీసా మీద తన చేతిరాతతో 'ఆప్రికాట్' అని చీటీ అతికించి ఉంది. గుడ్డసంచిలో సీసా పెట్టి, ఒక రొట్టెముక్క, రెండు ఉడికిన గుడ్లు వేసుకుంది. రెండు గంటలేగా అని, తోటపనికి వేసుకునే రబ్బరు జోళ్లతోనే బయల్దేరింది. అరవై ఆరేళ్ల మనిషి, కోళ్లగూడు దాటి ఎటైనా నడిచి చాలా కాలమైంది.

మొదటి అరగంట హుషారుగానే సాగింది. గాలి చల్లగా ఉంది, గడ్డిలో పసుపుపచ్చ పూలు, పైన లకుముకిపిట్ట నీలం ఆకాశం. ఆ తర్వాత కంచెలు మొదలయ్యాయి. ఒక్కో పచ్చికకి ఒక తీగల గేటు. కొక్కెం తీసి, గేటు లాగి, దాటి, మళ్లీ బిగించాలి. వేసేశాక వెనక్కి చూస్తే ఇంతకుముందు దాటిన గేటు ఇంకా చెయ్యి చాస్తే అందేలా ఉంటుంది, ముందుకి చూస్తే గడ్డి తప్ప ఏమీ ఉండదు. కూర్చోడానికి నీడ లేదు, ఆనుకోడానికి గోడ లేదు. రాయి మీది ఎరుపు తెలుపు గీత మాత్రం ఇదే దారి, ఇదే దారి అంటుంది. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఓబ్రాక్ గోపురం కనిపిస్తుందేమోనని ప్రతి మిట్టా ఎక్కింది. ప్రతి మిట్ట మీద నుంచీ ఇంకో మిట్ట కనిపించింది.

మూడో గంటలో కుడి మడమ మండడం మొదలెట్టింది. ఒక రాతి సిలువ దగ్గర ఇద్దరు ఆడవాళ్లు జోళ్లు విప్పుకుని కాళ్లు చాపుకు కూర్చుని ఉంటే, ఓడీల్ కూడా వాళ్ల పక్కన చతికిలబడింది. బ్రెతాన్ వైపు వాళ్లు, అక్కచెల్లెళ్లు. పెద్దావిడ ఆర్మెల్, చిన్నావిడ అన్నిక్. ఇద్దరూ బడిలో వంట చేసి రిటైరైనవాళ్లు. ఎదుటివాళ్ల నొప్పి చూస్తే ఆగలేని రకం. ఓడీల్ రబ్బరు జోళ్లు చూడగానే ఆర్మెల్ నాలుక చప్పరించి, మేజోడు ఊడదీయించి, మడమ మీది బొబ్బ చూసి, సూదీ దారమూ బయటికి తీసింది. బొబ్బలోంచి దారం దూర్చి వదిలేస్తే నీరంతా దిగిపోతుందట.

"కదలకు అక్కయ్యా," అంది ఆర్మెల్ సూది అగ్గిపుల్లకి కాలుస్తూ. "ఎంతసేపైంది బయల్దేరి?"

మూడు గంటలు కావస్తోందనీ, ఓబ్రాక్ రెండు గంటలే అని విన్నాననీ ఓడీల్ చెప్పింది.

అక్కచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. అయితే నువ్వు విదాల్ గంటల్లో విన్నావన్నమాట అంది అన్నిక్. అదేమిటని ఓడీల్ అడిగింది. తన ఇంటిపేరు విదాల్ అని ఆమెకి తెలుసు, గంటల సంగతే తెలీదు. అన్నిక్ ఓపిగ్గా వివరించింది. నస్బినాల్లో విదాల్ అని ఒకావిడ బస నడుపుతుందట. ఆవిడ చెప్పే ఒక గంట మామూలు మనుషుల రెండున్నర గంటలకి సమానమట. పై ఊళ్లనుంచి వచ్చే యాత్రికులందరికీ ఆ లెక్క తెలుసట. బసల్లో పెట్టే పుస్తకాల్లో కూడా రాస్తారట, ఇక్కడినుంచి సత్రం మూడు గంటలు, విదాల్ లెక్కన గంటా పావు అని.

"ఆవిడ ఎప్పుడైనా నా చేతికి చిక్కితే," అంటూ ఆర్మెల్ సూది దింపింది.

ఓడీల్ కెవ్వుమంది. అది సూదికే అనుకున్నారు ఇద్దరూ. అయిపోయింది, అయిపోయిందని వీపు నిమిరి, పట్టీ వేసి, నీ పేరేమిటని అడిగారు. సూది ఇంకా ఆర్మెల్ చేతిలోనే ఉంది. ఓడీల్ కాలు వెనక్కి తీసుకుని, రెజీన్ అని చెప్పింది.

విచిత్రంగా ఉందే, ఈ రాత్రి శాంషెలీలో మేం దిగేది కూడా ఒక రెజీన్ గారింట్లోనే అంది అన్నిక్. మా వైపు ఆ పేరు ఇంటికొకరుంటారని సర్దేసింది ఓడీల్.

ఆకలి వేళ అయింది. అక్కచెల్లెళ్లు రొట్టె కోశారు, తెచ్చుకున్న జున్నులో సగం ఓడీల్‌కి పెట్టారు, వద్దంటే వినలేదు. తనూ ఏదైనా పెట్టాలని ఓడీల్ గుడ్లు తీయబోతే, వాటితో పాటు సీసా మూత సంచిలోంచి తొంగి చూసింది. అన్నిక్ కళ్లు దాని మీద పడ్డాయి. జామా, ఇంట్లో చేసిందేనా అని ఆశగా అడిగింది. సంతలో కొన్న జామ్ తిని తిని నోరు చచ్చిపోయిందట.

ఓడీల్ సీసాని సంచి అడుక్కి తోసింది. చీటీ మాత్రం అప్పటికే చదివేశారు.

"ఏముంది అక్కయ్యా అందులో?"

"పళ్లు," అంది ఓడీల్. అబద్ధం ఆడటానికి ఆ క్షణంలో ఏమీ తట్టలేదు.

పళ్లయితే ఒక చెంచాడు రుచి చూద్దామంది అన్నిక్. ఇవి వేరేవాళ్లవి అంది ఓడీల్. ఒక్క ముక్క తీస్తే వాళ్లకేం తెలుస్తుంది అంది అన్నిక్. తెలుస్తుంది, లెక్క ప్రకారం ఉన్నాయి అంది ఓడీల్. ఆ మాట తర్వాత అన్నిక్ తన రొట్టె మీద ఉత్త జున్నే పెట్టుకుంది. పరాయివాళ్ల కాలు ఒళ్లో పెట్టుకుని బొబ్బ కుట్టి, జున్ను సగం పెట్టిన మనిషికి చెంచాడు జామ్ పెట్టడానికి ఈవిడకి చెయ్యి రాలేదని వాళ్లు అనుకుంటున్నారని ఓడీల్‌కి తెలుసు. చెవులు ఎర్రబడ్డాయి. నిజం చెబుదామంటే ముందు పేరు దగ్గర్నుంచి చెప్పుకురావాలి.

మాట మార్చడానికి, ఈ దారిన ఒక పెద్దాయనా ఆయన భార్యా వెళ్లడం చూశారా అని అడిగింది. ఆయన గలగలా మాట్లాడుతుంటాడు, ఆవిడ మౌనంగా ఉంటుంది అని గుర్తులు చెప్పింది. అలాంటివాళ్లు ఎవరూ పోలేదన్నారు. పోయింది ఇంకో జంట. ఆవిడ చేతులూపుతూ ఒకటే కబుర్లు, ఆయన నోరు మెదపకుండా వింటూ, రాళ్లు వచ్చినచోట చెయ్యి అందిస్తూ. అలాంటి మొగుళ్లని ఎక్కడ తయారుచేస్తారో అని ఆర్మెల్ నిట్టూర్చింది. వీళ్లు వాళ్లు కాదులే అనుకుంది ఓడీల్.

అక్కచెల్లెళ్ల కాళ్లు ఆరడానికి ఇంకాస్త టైము పడుతుందంటే, ఓడీల్ మొహం చెల్లక, తనే ముందుగా లేచి కుంటుకుంటూ సాగింది.

ఓబ్రాక్ చేరేసరికి ఒంటిగంట దాటింది. సత్రం చుట్టూ జనం, గంటలు, పేడ వాసన, పెద్ద పెద్ద డేగిశాల్లో బంగాళాదుంపా జున్నూ కలిపి తెడ్లతో సాగదీస్తున్న అలిగో. ఎమీల్ టోపీలో కాగితం పువ్వు గుచ్చుకుని, చేతిలో వైన్ గ్లాసుతో తోటి రైతుల మధ్య నిలబడి ఉన్నాడు. కొండమీంచి కుంటుతూ వస్తున్న భార్యని చూసి గ్లాసు కంచె కర్ర మీద పెట్టేశాడు. నలభై ఏళ్లలో ఆమె నడిచి రావడం ఎన్నడూ చూడలేదు కాబట్టి, కొట్టం అంటుకుందా అని అడిగాడు.

ఓడీల్ సీసా తీసి చూపించింది. వైనం చెప్పేసరికి రైతులంతా చుట్టూ మూగారు. పళ్లు చేతులు మారకముందే ఆమె సీసా లాక్కుని సంచిలో పెట్టేసింది. ఎమీల్ కళ్లు తుడుచుకుంటూ, ఆ ఫెర్నాన్ గారు ఇక్కడే అలిగో తిన్నాడని చెప్పాడు. రెండు పళ్లేలు. నమలక్కర్లేని తిండి కదా, పసిపిల్లాడిలా కళ్లు మూసుకుని మింగాడట. వాళ్లావిడ మాత్రం ముట్టుకోలేదట, మాట్లాడటానికే తీరిక లేదట. దిగి వెళ్లి అరగంటయింది.

అప్పుడు ఓడీల్‌కి ఏదో అనుమానం తగిలింది కానీ, మడమ నొప్పి దాన్ని నిలవనివ్వలేదు.

సీసా ఎవరిచేతికైనా ఇచ్చి పంపించు, సాయంత్రం దాకా ఇక్కడ కూర్చుంటే నేను ఇంటికి తీసుకెళ్తానన్నాడు ఎమీల్. ఇంత దూరం మోసింది నేను, ఇచ్చేదీ నేనే అంది ఓడీల్.

"సరేలేవే," అన్నాడు ఎమీల్. "ఇక అంతా దిగుడేగా."

"కాళ్లు వాటంతటవే నడుస్తాయి," అన్నారు వెనకనుంచి రైతులంతా, చర్చిలో ప్రార్థన అందుకున్నట్టు.

కాళ్లు నిజంగానే వాటంతటవే నడిచాయి. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. కాలిబాట అనేది పేరుకే, అది ఎండిన వాగు. గుండ్రాళ్లు, వాటి మీద నాచు, వాటి మధ్య మందలు తొక్కిన బురద. ఒక్కో అడుగుకీ మోకాళ్లలో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుంది. కారులో ఈ దిగుడు నాలుగు మలుపులు, ఒక పాట అయ్యేలోగా అయిపోయేది. ఓడీల్ రాయి తర్వాత రాయి పట్టుకుని దిగుతుంటే, తను గడపలో నిలబడి నవ్వుతూ సాగనంపినవాళ్లంతా గుర్తొచ్చారు. తుంటికి ఆపరేషనైన లియో పంతులుగారు. కవల పిల్లల్ని వీపునా పొట్టనా కట్టుకున్న ఆ దంపతులు. ఎనభై ఏళ్ల బెల్జియం సన్యాసిని, థాంక్యూ తల్లీ, దిగుడైతే నాకు బెంగలేదు అని చెయ్యి ముద్దుపెట్టుకుని మరీ వెళ్లింది. ఆవిడ ఈ రాయి ఎలా దిగిందో. అసలు దిగిందో లేదో.

నీ నోట్లో మన్ను పడ అని ఓడీల్ తనని తానే పైకి తిట్టుకుంది. ఆ తిట్టు ముగియకముందే రబ్బరు జోడు జారింది. కూర్చున్న భంగిమలోనే పది గజాలు బురదలో జారుకుంటూ వెళ్లి, ఒక హేజెల్ పొద దగ్గర ఆగింది. ఆగాక చూసుకుంటే గౌను నల్లగా, ఒక జోడు పైనెక్కడో, కుడిచెయ్యి మాత్రం నిటారుగా పైకి లేచి ఉంది, అందులో సీసా. పళ్లు నీళ్లలో మెల్లగా ఊగుతున్నాయి.

జోడు వెతుక్కుని తొడుక్కుంటుండగా పొద అవతలనుంచి ఒక ఆడగొంతు వినిపించింది. మిరేయ్ గొంతని ముందు పోల్చుకోలేదు, ఉప్పు అడిగినప్పుడు తప్ప విన్నది లేదు కదా. ఓడీల్ ఆకులు పక్కకి జరిపి చూసింది. కింద మలుపులో ఒక బండ మీద భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు. ఫెర్నాన్ గారు పెదాలు బిగించి, రెండు చేతులూ కర్ర మీద ఆనించి, ఆవిడవైపే తిరిగి వింటున్నారు.

"ఆ రోజు నేను పంటి డాక్టరు దగ్గరికి వెళ్లలేదండీ," అంటోంది మిరేయ్. "డెబ్భై తొమ్మిది, అక్టోబరు. మీకు చెప్పింది పంటి డాక్టరని. స్టేషనుకెళ్లి క్రవాసిక్ బండి ఎక్కాను. సముద్రం చూడాలనిపించింది. మీ క్యాబిన్ ముందునుంచే వెళ్లింది బండి. మీరే పచ్చలైటు ఇచ్చారు. నేను కిటికీ దగ్గర తల వంచుకున్నాను."

ఫెర్నాన్ గారి కనుబొమలు టోపీలోకి వెళ్లిపోయాయి. నోరు తెరవబోయి, గుర్తొచ్చి, మళ్లీ మూసేశారు.

ఓడీల్ అప్పటికే పొదలోంచి బయటికి అడుగు పెట్టేసింది. చెయ్యెత్తి పిలవబోయింది కూడా. ఆమెని ముందు చూసింది మిరేయ్. బురద కొట్టుకుని సీసాతో దిగివస్తున్న మనిషిని చూసి ఎవరైనా పలకరిస్తారు, కృతజ్ఞతగా నవ్వుతారు. మిరేయ్ మొహం మాత్రం ఎండలోంచి తెచ్చి నూతిలో దించినట్టయింది. ఆయన్ని కదలొద్దని సైగ చేసి, ఎత్తు ఎక్కి వచ్చి, ఓడీల్ చెయ్యి పట్టుకుని పొద వెనక్కి లాక్కుపోయింది.

"నడిచి తెచ్చారా?" అని అడిగింది. తిట్టో మెచ్చుకోలో తెలియని గొంతు.

మీవారు పాపం నోరు మూసుకుని ఎంత అవస్థ పడుతున్నారోనని అంటూ ఓడీల్ మొదలెట్టింది. మిరేయ్ తల వంచుకుంది. తువ్వాలు కప్పింది తనేనట. పొద్దున ఆయన ఒళ్లంతా తడుముకుంటుంటే, చీకట్లో పెద్ద సంచిలో సర్దేసినట్టున్నాను, అది వ్యానులో వెళ్లిపోయింది, సాయంత్రం దొరుకుతాయిలెండి అని చెప్పిందట. పళ్లు కట్టించుకున్నట్టు ఊరందరికీ తెలియడం ఆయనకి చచ్చేంత నామోషీ. అందుకని ఎవరినీ అడగలేదు, రోజంతా నోరు విప్పలేదు.

"దొంగతనం కాదమ్మా, ఒక్క రోజు సెలవు," అంది మిరేయ్. "ఆయన మంచివారు. కానీ పెళ్లై నలభై రెండేళ్లు, నేను మొదలెట్టిన మాట నేనే ముగించడం ఇవాళే మొదటిసారి. ఇంకో గంట ఆగి ఇవ్వండి. ఊళ్లోకి వెళ్లాక ఇవ్వండి. సముద్రం దాకా ఇంకా రానేలేదు నేను."

ఓడీల్ చేతిలోని సీసా వైపు చూసింది. అయిదు గంటలు మోసింది. బొబ్బ కుట్టించుకుంది, పిసినారి అనిపించుకుంది, అందరి ముందూ నవ్వులపాలైంది. అదంతా ఆయన నోరు తెరిపించడానికి. ఇప్పుడీవిడ ఆ నోరు ఇంకాసేపు మూసి ఉంచమంటోంది. అయినా ఆ కళ్లు చూస్తే కాదనడం కుదరలేదు. సరే, మీ వెనకాలే దూరంగా వస్తాలెండి అని సీసా సంచిలోకి జారవిడవబోయింది.

జారవిడవలేదు, ఎందుకంటే ఫెర్నాన్ గారు పొద చుట్టూ తిరిగి వచ్చి వాళ్ల ఎదురుగా నిలబడి ఉన్నారు.

ఆయన ముందు ఓడీల్ బురద గౌను చూశారు. తర్వాత సీసా మీది చీటీ చదివారు. తర్వాత సీసా లోపలికి చూశారు, అక్కడినుంచి ఆయన పళ్లు ఆయన్నే చూశాయి. చివరికి భార్యవైపు చూశారు. సీసా వచ్చింది వ్యానులోంచి కాదు, నస్బినాల్ నుంచి నడిచి వచ్చిందని గ్రహించడానికి ముప్ఫై నాలుగేళ్లు సిగ్నళ్లు చూసిన మనిషికి ఎంతోసేపు పట్టలేదు. మిరేయ్ గౌను అంచు మెలిపెడుతూ నిలబడింది.

ఆయన చెయ్యి చాచి సీసా అందుకున్నారు. మూత మీద చెయ్యి వేశారు. వేసి, కాసేపు అలాగే ఉంచారు. తర్వాత మూత తిప్పకుండానే సీసాని కోటు జేబులో కుక్కి, పైన గుండీ పెట్టారు.

"హర్వాహ?" అన్నారు భార్యతో.

ఇద్దరు ఆడవాళ్లకీ అర్థం కాలేదు. ఆయన మొహం ఎర్రబడింది. కర్రతో కింద లోయ వైపు, పడమర వైపు, సముద్రం ఉండే వైపు చూపించి, మళ్లీ ఓపిగ్గా అన్నారు.

"హముహ్రం హూశావా? హర్వాహ?"

మిరేయ్ నవ్వబోయింది, నవ్వు మధ్యలో ఏడుపు కలిసింది, ముక్కు తుడుచుకుని, చూశానండీ అంటూ నడక అందుకుంది. ఆయన ఒక చెయ్యి భార్యకి, రెండో చెయ్యి ఓడీల్‌కి ఇచ్చి, ఇద్దరినీ రాయి రాయీ దింపుకుంటూ తీసుకెళ్లారు. ఓడీల్ మర్యాదకి చెవులు మూసుకుందామనుకుంది కానీ, రెండు చేతులూ ఖాళీ లేవు.

శాంషెలీ చేరేసరికి అయిదయింది. రెజీన్ గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. వదిన వస్తుందని పొద్దున్నుంచీ ఎదురుచూస్తోంది, వచ్చే తీరు చూడాలని. రెండు గంటలంటే ఇంతసేపా వదినా అని మొదలెట్టేలోపు, దగ్గరి దారిన దిగి ముందే చేరిన అక్కచెల్లెళ్లు లోపలినుంచి ఓడీల్‌ని చూసి, రెజీన్ అక్కయ్య వచ్చింది, కాలెలా ఉంది రెజీన్ అక్కయ్యా అంటూ ఎదురొచ్చారు.

రెజీన్ వాళ్లనీ ఓడీల్‌నీ మార్చి మార్చి చూసింది. "రెజీన్ నేను," అంది. "ఈవిడ ఓడీల్. ఓడీల్ విదాల్. నస్బినాల్."

ఆర్మెల్ చెయ్యి అలవాటుగా సూదిపెట్టె ఉన్న జేబు మీదికి వెళ్లింది. ఓడీల్ దాచుకోలేదు. నేనే, ఆ గంటలు నావే, ఇవాళ అన్నీ నేనే నడిచాను, ఇంతకంటే పెద్ద శిక్ష మీరు వెయ్యలేరు అంది. అక్కచెల్లెళ్లు ఆమె బురద గౌను, కుంటికాలు, రబ్బరు జోళ్లు చూశారు. ఆర్మెల్‌కి ముందు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వితే అన్నిక్ ఆగలేకపోయింది. పేరు సంగతి పోనిస్తాం కానీ జామ్ సంగతి పోనివ్వం అంది అన్నిక్. అప్పుడు ఫెర్నాన్ గారు ముందుకొచ్చి, ఇక నామోషీ ఏముందనుకున్నారో ఏమో, గుండీ విప్పి సీసా తీసి అన్నిక్ చేతిలో పెట్టారు. తను చెంచాతో రుచి చూస్తానన్నది ఏమిటో అన్నిక్ అప్పుడు చూసింది.

ఆమె తేరుకోడానికి ఒక చిన్న గ్లాసు బ్రాందీ పట్టింది. ఓడీల్‌కి రెండు. రెజీన్ ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, ఉప్పు వేసిన వేడినీళ్ల బేసిను తెచ్చి కాళ్ల కింద పెట్టింది. పెడుతూ, తనూ ఆ దిగుడు చిన్నప్పుడు ఒక్కసారి నడిచిందనీ, మూడు రోజులు మెట్లు దిగలేకపోయిందనీ, ఈ మాట అన్నయ్యకి చెప్పొద్దనీ గొణిగింది. చెప్పనులే వదినా అంది ఓడీల్. ఆ మాటలో ఈసారి నిజంగానే ముద్దుంది.

ఏడింటికి అందరూ బల్ల చుట్టూ చేరారు. సూపు, సాసేజీలు, జున్ను. సాసేజీలు చూశాక ఫెర్నాన్ గారు మొహం అటు తిప్పుకుని పళ్లు పెట్టుకున్నారు. రోజంతా ఆగిన మాట ఇప్పుడు వరదలా వస్తుందని అందరూ చెంచాలు దించి కాచుకున్నారు. ఆయన ఒక సాసేజీ నమిలి, నీళ్లు తాగి, గొంతు సవరించుకున్నారు.

"మా ఆవిడ ఒక విషయం చెబుతోంది," అన్నారు. "మొదటినుంచీ చెప్పు మిరేయ్. వీళ్లు వినలేదు."

మిరేయ్ చెప్పింది. సముద్రం దాకా వెళితే తీరా నీళ్లు వెనక్కి తగ్గి ఉన్నాయట, కనుచూపుమేర బురదేనట. అయినా ఒడ్డున కూర్చుని ఒక గిన్నెడు ఆలుచిప్పల మాంసం తిని, జోళ్లు విప్పి ఆ బురదలోనే మోకాలి లోతు నడిచి, అయిదూ నలభై బండికి తిరిగొచ్చిందట. రాత్రికి దవడ వాచినట్టు నటించడం మరిచిపోయిందట. ఈయన అసలు గమనించనేలేదట.

"అయిదూ నలభై," అన్నారు ఫెర్నాన్ గారు నెమ్మదిగా. "అక్టోబరులో. ఆ బండి స్టేషను బయట పదకొండు నిమిషాలు ఆగి ఉండాలే."

ఆగింది అంది మిరేయ్. సరిగ్గా మీ క్యాబిన్ కింద. మీరు కిటికీ దగ్గర నిలబడి రొట్టె తింటున్నారు, నేను కట్టిచ్చిందే. పదకొండు నిమిషాలూ మిమ్మల్నే చూస్తూ కూర్చున్నాను. మీరు ఇటు చూడలేదు.

ఫెర్నాన్ గారు చేతిలోని ఫోర్కు కింద పెట్టి, భార్య చెయ్యి మీద చెయ్యి వేశారు. అయితే ఆ బండిని అంతసేపు ఎందుకు ఆపారండీ అని అన్నిక్ అడగకుండా ఉండాల్సింది. అడిగేసింది.

ఫెర్నాన్ గారి మొహం వెలిగిపోయింది. ఆ రోజుల్లో అక్కడ లీవర్లు ఎలా ఉండేవంటే, అని ఉప్పుసీసా ఒక పక్కా మిరియాల సీసా ఒక పక్కా పెట్టి, మధ్యలో కత్తులతో పట్టాలు పరిచారు. మిరేయ్ నవ్వుతూ ఆయన కత్తి ఒకటి సరిచేసింది, బండి వచ్చింది ఆ వైపు నుంచి కాదు అంటూ. వేడినీళ్లలో కాళ్లు పెట్టుకున్న ఓడీల్ మొదటి సిగ్నలు దాకా విన్నది. రెండోది పడేలోగా కుర్చీలోనే నిద్రపోయింది.